అడుగున డొల్ల

కంట్రోల్ రూమ్‌లో ఆమెని అందరూ బ్రేకమ్మ అనేవారు. చంద్రుడి మీద దుమ్ము తోడే బండ్లలో నాలుగు ఆమె చేతి కింద నడిచేవి. ఇక్కడ కుర్చీలో కూర్చుని మీట నొక్కితే, అక్కడ బండి కదిలినట్టు తెర మీద కనపడటానికి దాదాపు మూడు సెకన్లు పట్టేది. ఆలోపు ఏ గుంటలో దిగబడుతుందోనని ఆమె ముందే బ్రేకు వేసేది. తోటి డ్రైవర్లు నవ్వేవారు. కానీ పదకొండేళ్ళలో ఒక్క బండినీ బోల్తా కొట్టించనిది ఆమె ఒక్కతే.

కొండంత దుమ్ము తోడి కొలిమిలో ఎర్రగా కాలిస్తే చిటికెడు గ్యాసు వచ్చేది. హీలియం-మూడు. ఆ చిటికెడుతోనే కింద భూమ్మీద ఊళ్ళకి ఊళ్ళు వెలిగేవి. అందుకే బండి ఒక పూట ఆగిందంటే కంపెనీ పెద్దలు అల్లాడిపోయేవారు.

చంద్రుడి మీదే ఉండి బండ్లు బాగుచేసే ఆరుగురిలో ఆమె మరిది ఒకడు. భర్త పోయాక ఇంట్లో మిగిలింది అత్తగారూ, తనూ, అతనూ. వర్క్‌షాపు మూతపడి ఖాళీగా కూర్చున్న అతని గురించి కంపెనీలో ఒక మాట వేసి, ఆ ఉద్యోగం ఇప్పించింది ఆమే.

ప్రతి బండికీ కింద నేల ఎంత అదురుతోందో కొలిచే ముల్లు ఉంటుంది. ముల్లు నాలుగు దాటితే బండి దానంతటదే ఆగిపోవాలి. ఒక సోమవారం ఆమె డ్యూటీ ఎక్కేసరికి ముల్లు అయిదు మీద ఉంది. బండి మాత్రం నడుస్తూనే ఉంది. షిఫ్ట్ ఇన్‌ఛార్జిని అడిగితే, హద్దుని ఆరుకి పెంచారని, ఆర్డరు కంపెనీ పెద్దలనుంచి వచ్చిందని తాపీగా చెప్పాడు. రోజూ నాలుగు దాటుతోందట, ఆపుకుంటూ పోతే పని సాగదట.

"జ్వరం తగ్గకపోతే థర్మామీటరు దిద్దామంటారు, అంతేగా?" అంది ఆమె.

అతను నవ్వలేదు.

గురువారం, ఇంటివాళ్ళు మాట్లాడుకోవడానికని కంపెనీ పెట్టిన గదిలోంచి మరిదికి ఫోను కలిపారు. అత్తగారు ముందు అందుకుని, తింటున్నావా, నిద్ర పడుతోందా అని వారం వారం అడిగేవే అడిగారు. అక్కడ తన బరువు పదమూడు కిలోలేనని, ఇంక తిండి ఎక్కడికి పోతుందని అతను ఆవిడని నవ్వించాడు. ఫోను వదిన చేతికి వచ్చాక గొంతు తగ్గించాడు.

"వదినా, మొన్న బండ్లన్నీ ఆరుగంటలు ఆపారు కదా?"

"ఆపాం. ఏం?"

"ఆపినా మా మంచం కాళ్ళు అదురుతూనే ఉన్నాయి."

అత్తగారికి వినపడకుండా ఆమె ఫోను పట్టుకుని గది మూలకి నడిచింది. మాట చేరడానికి ఆలస్యమవుతోందేమో అనుకుని అతను ఓపిగ్గా కాచుకున్నాడు.

మర్నాడు ఆమె పాత సర్వే పటాలు తిరగేసింది. ఆ నేల కింద ఎప్పుడో లావా పారి వట్టిపోయిన సొరంగం ఉంది. దాని పైకప్పు అన్నిటికంటే పల్చగా ఉన్నచోటే మనుషుల క్వార్టర్లు కట్టారు. పటం తీసుకెళ్ళి ఇన్‌ఛార్జి ముందు పరిచింది. అతను దాని వైపు చూడనైనా చూడలేదు.

"నాకు తెలుసమ్మా. రెండుసార్లు రాశాను. కొత్త చోటు తయారయ్యేదాకా ఓపిక పట్టమన్నారు."

ఆ మధ్యాహ్నం ముల్లు ఆరుని తాకింది. ఆమె నాలుగు బండ్లకీ బ్రేకు బిగించి, కొలిమిలో గ్యాసు లీకవుతోందని సైరన్ నొక్కింది. లీకంటే క్వార్టర్లు ఖాళీ చేసి, నాలుగు కిలోమీటర్ల అవతల, దిగడానికే తప్ప తిరిగి లేవడానికి పనికిరాని ల్యాండర్ నౌకలోకి పోవాలని రూలు. లీకు లేదని ఇన్‌ఛార్జికి తెలుసు. రద్దుచేసే మీట అతని వేలికిందే ఉంది. ఆమె వైపు ఒకసారి చూసి, చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆరుగురూ వెళ్ళారు. ఆమెని మాత్రం సాయంత్రానికల్లా గుర్తింపు కార్డు లాక్కుని బయటికి పంపేశారు. లీకు ఉత్తదేనని తేల్చి, ఆరుగురినీ తిరిగి క్వార్టర్లకి పొమ్మంది కంపెనీ. మరిదీ ఇంకో ముగ్గురూ మొండికేశారు. మాట కాదనలేని ఇద్దరు వెళ్ళారు.

రెండోరోజు నేల కుంగింది. క్వార్టర్లూ, కొలిమీ, ఆమె నడిపిన నాలుగు బండ్లూ, ఆ ఇద్దరూ లోపలికి పోయారు. చప్పుడైనా వినపడలేదట. ల్యాండర్ కిటికీలోంచి చూస్తుండగానే అక్కడ నేల లేకుండా పోయిందని మరిది ఫోనులో చెప్పాడు.

కంపెనీ సంతాపం ప్రకటించింది. ప్రకృతి వైపరీత్యం అంది. మిగిలినవాళ్ళని తెచ్చే నౌక తొమ్మిది రోజుల్లో చేరుతుందంది. అత్తగారు కొడుకు దక్కాడని ఆమె చేతులు పట్టుకుని ఏడ్చారు. పోయిన ఇద్దరిలో ఒకతని భార్య ఆ మధ్యాహ్నమే వీధి చివర ఎదురుపడి, తలొంచుకుని వెళ్ళిపోయింది. ఇంకో సైరన్ నొక్కమని కంట్రోల్ రూమ్‌లో ఎవరినైనా బతిమాలాల్సిందేమోనని బ్రేకమ్మకి అన్నం సహించలేదు.

నాలుగోరోజు పొద్దున ఇన్‌ఛార్జి ఇంటికొచ్చాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు. మిగిలిన బండ్లతో కొత్త చోట తవ్వకం నిన్నే మొదలుపెట్టారని, హద్దు ఈసారి ఎనిమిదని చెప్పి, పటాల కట్ట ఆమె చేతిలో పెట్టాడు. ఆ చోటు అదే సొరంగానికి రెండో కొస. నడిమధ్యలో మరిదివాళ్ళు ఉన్న ల్యాండర్ ఉంది.

ఆమె చెప్పులేసుకుని తిన్నగా పేపరాఫీసుకి వెళ్ళింది. విలేకరి పటాలు బల్లమీద పరిచి, సొరంగం వెంట వేలితో నెమ్మదిగా జరుపుకుంటూ పోయాడు. వేలు కాగితం అంచుకి వచ్చింది.

"ఇక్కడితో అయిపోయిందా?" అని అడిగాడు.

"కాగితం అయిపోయింది," అంది ఆమె. "ఆ తర్వాత ఎవరూ కొలవలేదు."