పై మెట్ల జనం

ఓంకార్ ఎగురుతూ ఎగురుతూనే కూలబడ్డాడు. నా కళ్లతో చూసింది చెబుతున్నాను.

మస్కట్ శివార్లలో కొత్త జాతీయ స్టేడియం అది. కట్టింది మేమే. నిండా జనం చేరి గంతులేస్తే పై గ్యాలరీ మెట్లు ఎంత ఊగుతాయో ఇంజనీర్లు చూడాలన్నారు. జనం ఇంకా రాలేదు కాబట్టి డ్యూటీ దిగిన మమ్మల్నే బస్సుల్లో తెచ్చారు. విజిల్ వేస్తే ఎగరాలి. పొద్దంతా ఎండలో పనిచేసిన కాళ్లు అవి.

ఓంకార్ ఛాతీ పట్టుకున్నాడు. పెదాలు నల్లబడ్డాయి.

"పక్కకు పండవెట్టుండ్రి. మళ్ల విజిలేస్తున్న," అన్నాడు ఫోర్‌మన్ ప్రభాకర్. అతనిదీ మా జగిత్యాలే.

"కింద డాక్టర్ రూమున్నది గద సారూ. మంచం, ఆక్సిజన్ అన్నీ పెట్టిండ్రు," అన్నాను.

"అది ఆటగాళ్లకు, మల్లేశం కాకా. ఓపెనింగ్ కాలే. తాళం తీస్తే కంపెనీ మేనేజర్ నా నౌకరి తీస్తడు."

విజిల్ మోగింది. కడప నిసార్ అహ్మద్ సీట్లో కూర్చున్నాడు.

"ఏందిరా, సినిమాకొచ్చినవా?" అన్నాడు ప్రభాకర్.

"కూచ్చునేదానికే కదా సామీ సీట్లు బిగించింది? ఆ తాళం తీపించు, ఎగుర్తాం."

"వీసా కేన్సలైతె తెలుస్తది బిడ్డా!"

పక్కనే ఎగురుతున్న సురేందర్ నిసార్ చెయ్యి లాగాడు. "లెవ్వన్నా. ఒక్కని కోసం అందర్ని ముంచుతవా?"

"రేపు నువ్వు పడితే నిన్నెవరు ఎత్తుతారప్పా?"

నేనూ కూర్చున్నాను. నా పక్కన బెంగాలీ కూర్చున్నాడు. వెనక పాకిస్తానీలు. వరుస వెంట వరుస. సురేందర్ ఒక్కడే కాసేపు నిలబడి, తిట్టుకుంటూ కూర్చున్నాడు. ఇంజనీర్లు మిషన్ల మీంచి తలలెత్తారు. మళ్లీ విజిల్. మళ్లీ. ఎవరం కదల్లేదు.

తాళం తీశారు. ఆక్సిజన్ పెట్టి, ఆస్పత్రికి పంపారు. ఓంకార్ బతికాడు.

ఆ వెనకే కంపెనీ బండి వచ్చింది. నిసార్‌ను ఎక్కించుకున్నారు. ఎక్కడికో చెప్పలేదు.

మరునాడు మళ్లీ ఎగరడానికే తెచ్చారు. బస్సు గేటు ముందు ఆగింది. ఎవరం దిగలేదు.

"దిగుండ్రి! ఇయ్యాల లీడరెవడురా?" అన్నాడు ప్రభాకర్ కింద నిలబడి.

కొందరు అలసిపోయి కళ్లు మూసుకున్నారు. సురేందర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"నిసారన్నను తెచ్చినంకనే దిగుతం. లేకుంటే మా అందర్ని గదే బండెక్కియ్యుండ్రి."

"కమ్రాన్! తలుపు తెరువ్!" అని ప్రభాకర్ డ్రైవర్ మీద అరిచాడు.

కమ్రాన్ పెషావరు మనిషి. మా భాష రాదు. ఇంజన్ ఆపేశాడు. లేచొచ్చి, జరగమని చేత్తో సైగ చేసి, నా పక్కన కూర్చున్నాడు.