డ్రైవరుతో మాట్లాడరాదు

మా వైండర్ గదిలో ఒక బోర్డు ఉండేది: డ్రైవరుతో మాట్లాడరాదు. గనులు సర్కారు చేతికొచ్చాక గేటు మీద పేరు మారింది, దొరల బంగళాల్లో మన ఆఫీసర్లు దిగారు. ఆ బోర్డు జోలికి మాత్రం ఎవరూ పోలేదు. బోర్డు తప్పేమీ లేదు. వైండర్ డ్రైవరుగా నేను తిప్పే పెద్ద డ్రమ్ముకి ఇనుప తాడు చుట్టుకుంటుంది, తాడు చివర గనిలోకి దిగి పైకొచ్చే ఇనుప బోను, అదే కేజ్, కేజ్ నిండా మనుషులు. రోజంతా మోటారు హోరే తప్ప నాకు మనిషి మాట వినబడేది కాదు.

పోనుపోను ఆ మౌనం ఇంటిదాకా వచ్చేసింది. "ఇంటికొచ్చినా ఆ బోర్డు మెళ్ళో ఏసుకోనే ఉంటావే" అనేది నా భార్య జయలక్ష్మమ్మ. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. ఊరుకోవడం ఒక్కటే నాకు బాగా వచ్చు.

జబ్బు ముదిరి ఆమె ఆస్పత్రిలో పడింది. ఒక పొద్దున నేను డ్యూటీకి బయల్దేరుతుంటే చెయ్యి పట్టుకుంది. "సాయంత్రం వచ్చి ఏమన్నా మాట్లాడు. వింటా ఉంటా" అంది.

ఆ మధ్యాహ్నం కేజ్ పైకి వస్తుండగా నా గది తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు. లోతు చూపించే డయల్ అద్దంలో చూశాను. పక్కింటి ఆంజనప్ప. నోరు విప్పలేదు. అతనూ గనిలో దిగినవాడే, తాడుకి ఎన్ని ప్రాణాలు వేలాడుతున్నాయో తెలుసు. కానీ అంత ఎండలో పరిగెత్తుకొచ్చి ఊరకే నిలబడ్డాడంటే నాకు అర్థం కాదా? పై చుట్లకి వచ్చేసరికి డ్రమ్ముని నిదానించాలి. పళ్ళు బిగబట్టి నిదానించాను.

గంట మోగింది. మనుషులు దిగిపోయారు.

"ఇంగ చెప్పప్పా" అన్నాను.

"నిన్నే అడగతా ఉండాది. బిరీన పో. ఇంకో డ్రైవర్ని నేను పిలిపిస్తా."

వెళ్ళేసరికి ఆమెకి ఇంకా ఊపిరి ఉంది. "ఇంతసేపా?" అంది. మంచం పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్ళు నోరు మూసుకున్నవాడికి ఉన్నట్టుండి ఏం మాటలొస్తాయి? నాకు తెలిసింది డ్రమ్ము. దాని గురించే మొదలుపెట్టాను.

"డ్రమ్ము ఒకే లెక్కన తిరగతా ఉంటాది జయమ్మా. తాడు మీద తాడు పడేకొద్దీ చుట్టు పెద్దదవుతాది."

"ఊ" కొట్టింది.

"చుట్టు పెద్దదైతే, అదే తిప్పుకి ఎక్కువ తాడు లాగతాది. కేజ్ దూకుడుగా వస్తాది."

"ఊ."

"అందుకే పైకొచ్చేకొద్దీ నిదానం చెయ్యాల. లేకుంటే పైన కొట్టుకోని అందరూ పోతారు. దాంతోనే ఆలస్యమయింది."

ఈసారి ఊ వినబడలేదు. నేను ఆపలేదు. కేజ్‌ని పైకి చేర్చి, తలుపు తీసి, ఒక్కొక్కర్నీ దింపేదాకా చెబుతూనే ఉన్నాను.