బరాబర్ అన్న ఒక్క మాట

రామలింగానికి ఉప్పు బస్తా ఎత్తే సత్తువ లేదు గానీ పహిల్వాన్ల జీవితాలంటే ప్రాణం. హనుమకొండ బజారులో కిరాణం దుకాణం అతనిది. ఉర్దూ బడిలో చదువుకున్నాడు, తెలుగు ఇంట్లో నేర్చుకున్నాడు. రెండు భాషల్లో ఎక్కడ ఏ పహిల్వాన్ చరిత్ర అచ్చయినా తెప్పించుకునేవాడు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చడం అతని పిచ్చి. ఒకాయన రోజుకు నాలుగు సేర్ల పాలు తాగానంటే, ఆయనతో తలపడ్డవాడు ఆరు సేర్లంటాడు. పరకాలలో జరిగిన ఒకే కుస్తీ ఒకరి పుస్తకంలో ఇరవై నిమిషాలు, ఇంకొకరి పుస్తకంలో ఒక పూట. ఇద్దరూ తామే గెలిచామని రాసుకున్న కుస్తీలు ఇప్పటికి ఏడు తేలాయి.

"మీ పహిల్వాన్లు గోదాల కంటే కాయితం మీదనే ఎక్కువ కొట్టుకుంటాండ్రు," అనేది భార్య వరలక్ష్మి.

ఈ పిచ్చిని మన్నించిన మనిషి ఒక్కడే, ఖిలా వరంగల్‌లో కుస్తీ నేర్పే తాలీం నడిపే వెంకట్రాజం. అరవై దాటాయి, అక్షరం ముక్క రాదు. ఆదివారం పొద్దున కసరత్తు అయ్యాక శిష్యులందరినీ గోదా చుట్టూ కూర్చోబెట్టి, "సేటు చదువుతడు, నోరు మూసుకొని ఇనుండ్రి," అనేవాడు. బజారులో నవ్వులపాలయ్యే మనిషికి అక్కడ పెద్దపీట. ఆ మర్యాదకు రామలింగం లోలోపల దండం పెట్టుకోని ఆదివారం లేదు.

అటువంటి వెంకట్రాజం పరువు తీసింది చివరికి రామలింగమే.

పందొమ్మిది వందల నలభై అయిదు ఆషాఢంలో తెలుగులో ఒక కొత్త పుస్తకం వచ్చింది. బీదరు మెహబూబ్ పహిల్వాన్ చరిత్ర. రాసినవాడు గోదా మట్టి తొక్కి ఎరుగని ఒక బడిపంతులు. వెంకట్రాజం ఇరవై నాలుగేళ్ల కింద బీదరు పోయి ఆ మెహబూబ్‌తో తలపడ్డాడని తాలీంలో అందరికీ తెలుసు. ఏమైందో మాత్రం ఎవరికీ తెలియదు, ఇక్కడినుంచి చూడపోయినవాళ్లు లేరు. వెంకట్రాజం ఉస్తాద్ పేరు పుస్తకంలో కనబడేసరికి రామలింగానికి ఒళ్లు తెలియలేదు. ముందుగా ఒకసారి చదివి చూసుకుందామన్న ఇంగితం కూడా లేకుండా ఆదివారం గోదా దగ్గర గొంతెత్తి చదివేశాడు.

"బీదరున, ఓరుగంటి వెంకట్రాజమను మల్లుని నిశ్చయముగా జయించి విడిచెను."

పెద్ద శిష్యుడు కట్టయ్య లేచి అన్నాడు: "నా వీపుకు మన్ను అంటలేదని ఇన్నేండ్లు మాకు చెప్పింది ఉత్తదేనా ఉస్తాద్?"

కాదంటాడని అందరూ చూశారు. వెంకట్రాజం కండువా దులుపుకొని లేచాడు. "అచ్చయింది గదా," అని ఇంటికి నడిచాడు. మరునాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. నాగులపంచమి కుస్తీలు పది రోజుల్లో ఉన్నాయి. ఆ రోజు గోదాకు మొదటి కొబ్బరికాయ ఉస్తాద్ కొట్టాలి. ఈసారి వేరే తాలీం పెద్దను పిలుస్తామని కట్టయ్య చెప్పేశాడు.

రామలింగం ఉస్తాద్ ఇంటికి ఉరికాడు. "కాదని ఒక్క మాట చెప్పు ఉస్తాద్, నేను పోయి అందరికీ చెప్త."

"ఆ కుస్తీ ముచ్చట నన్ను అడగకు బిడ్డా," అన్నాడు వెంకట్రాజం. కోపం లేదు.

పోల్చడం తప్ప అతనికి వచ్చిన విద్య ఇంకొకటి లేదు. మెహబూబ్ తానే ఉర్దూలో రాసుకున్న జ్ఞాపకాల నుంచి ఈ చరిత్ర కూర్చానని పంతులు మొదటి పేజీలో చెప్పుకున్నాడు. ఆ ఉర్దూ పుస్తకం కావాలి. యుద్ధంతో కాగితానికి కరువొచ్చి నాలుగు కాపీలు కూడా బయటికి రాలేదట. నాలుగు రోజులు అడగ్గా అడగ్గా సుబేదారిలో రాజేశ్వర్ రావు వకీలు దగ్గర ఒకటి ఉందని తెలిసింది. రామలింగం దుకాణం మూసి సైకిలెక్కాడు. వకీలు గారి వరండాలోనే రెండు పుస్తకాలూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఉర్దూ పుస్తకం చివర కుస్తీల పట్టీ ఉంది. అందులో బీదరు కుస్తీకి ఒకే వాక్యం: వెంకట్రాజం సే బరాబర్ ఛూటీ.

చదివి పకపకా నవ్వాడు. మన ఇళ్లలో బరాబర్ అంటే తప్పకుండా అని. బరాబర్ వస్తా అంటాం, బరాబర్ ఇస్తా అంటాం. గోదాలో మాత్రం బరాబర్ ఛూటీ అంటే సరిసమానంగా విడిపోయిన కుస్తీ, ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు. పంతులు ఇంటి మాట పట్టుకుని బరాబర్‌ను నిశ్చయముగా చేశాడు, ఛూటీని విడిచెను చేశాడు, జయించి అన్నది తన జేబులోంచి వేశాడు. పట్టీ తప్ప పుస్తకం నడిమధ్య ఆయన చూసినట్టు లేదు. రామలింగం చూశాడు. అక్కడ బీదరు కుస్తీ గురించి ఉన్న రెండు పేజీలు చదివేసరికి నవ్వు పోయి కళ్లు మసకబారాయి.

మరునాడు పొద్దున్నే కట్టయ్యనూ మిగతా శిష్యులనూ వెంటబెట్టుకుని ఉస్తాద్ వాకిట్లోకి వెళ్లాడు. ముందు బరాబర్ సంగతి విప్పి చెప్పాడు. తర్వాత మెహబూబ్ రాసిన పేజీలు తెలుగు చేస్తూ వినిపించాడు.

"కింద పట్టులో ఉన్నప్పుడు నా కుడి భుజం కీలు తప్పింది. అది బయటపడితే నాతో ఇక ఎవరూ కుస్తీ కట్టరు, నా పిల్లలకు తిండి ఉండదు. వెంకట్రాజం ఒక్క తిప్పు తిప్పితే నేను వెల్లకిలా చిత్. తిప్పలేదు. పట్టు బిగిస్తున్నట్టే బిగించి కీలు ఎక్కించాడు. చూసేవాళ్లకు అదొక పట్టు. పొద్దు గూకేదాకా అట్లా నన్ను కాచుకుంటూనే ఆడాడు. ఈ మాట ఎవరితోనూ అనవద్దని వేడుకున్నాను. ఎన్నడూ అనలేదని విన్నాను. ఇప్పుడు నా కుస్తీలు అయిపోయాయి కాబట్టి నేనే చెబుతున్నాను. ఆ రోజు తర్వాత నేను గెలిచిన ప్రతి కుస్తీ ఆయన పెట్టిన భిక్ష."

కట్టయ్య ఉస్తాద్ కాళ్లకు మొక్కి, "పంచమి కొబ్బరికాయ నువ్వే కొట్టాలె ఉస్తాద్," అన్నాడు. ఆదివారం ఆ తప్పు రాత చదివిన నోటితోనే ఇది చదివే భాగ్యం దొరికినందుకు రామలింగం ఆ బీదరు మనిషికి మనసులోనే సలాం చేసుకున్నాడు.

వెంకట్రాజం ఆ పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "ఆయననే చెప్పుకున్నడా," అన్నాడు. "అయితే ఇగ నేనిచ్చిన మాట తీరింది."

"పంతులు రాసింది తప్పని పత్రికకు రాస్త ఉస్తాద్," అన్నాడు రామలింగం.

"అదెందుకు. మెహబూబ్ భాయికి రాయి, ఉర్దూల." ముసలాయన జరిగి అతనికి అరుగు మీద చోటిచ్చాడు. "ఆ భుజం ఇప్పుడు ఎట్లున్నదో అడుగు."