నవ్వు మానేసిన పొద్దు

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది. శ్రీకాళహస్తి దగ్గర కంకర క్వారీలో రోజూ పని పిలుపుకు ముందు ఒక తంతు జరిగేది. కాంట్రాక్టర్ మునిరత్నం చేతికర్ర పట్టుకుని, అచ్చం కూలీ వెంకటముని నడిచినట్టే కాలీడ్చుకుంటూ నాలుగడుగులు వేసేవాడు. కూలీలు పడీపడీ నవ్వాలి. నవ్వినవాళ్లకే ఆ పూట పని.

వెంకటముని కాలు నలిగింది ఆ క్వారీలోనే, మునిరత్నం తొందరపెట్టి పేల్పించిన రాయి కిందే. అయినా అందరికంటే ముందు నవ్వేది వెంకటమునే. మొదట్లో సిగ్గేసేది. తర్వాత కోపమొచ్చేది. ఇప్పుడేమీ లేదు. మొహం దానంతటదే నవ్వేది, లోపల మనిషి మొద్దుబారిపోయాడు.

ఆ వారం బండ జారి మీదపడి ఇంకో కూలీ చిన్నబ్బ చచ్చిపోయాడు. పూడ్చిన మర్నాడే అతని పెళ్లాం ఆనందమ్మ తట్ట పట్టుకుని పనికి వచ్చింది, రాకపోతే జరగదు గనక. ఆమె ముందరే మునిరత్నం కొత్త ఆట మొదలుపెట్టాడు. బండ కింద చిన్నబ్బ అరిచిన అరుపును గొంతు మార్చి అరిచి చూపించాడు. అలవాటు ఎంత పాపిష్టిదో చూడండి, నలుగురైదుగురు నవ్వేశారు. అందులో వెంకటముని ఉన్నాడు.

సాయంత్రం పేటలోని చర్చి ముందర కూలీలంతా కూడారు.

"నవ్వింది మీరే గదప్పా," అంది ఆనందమ్మ. ఏడవలేదు. "వాడొక్కడే అరస్తా ఉంటే పిచ్చోడు. మీరు నవ్వబట్టే దొరయినాడు."

"నవ్వకుంటే పనెట్లిస్తాడు?" అన్నాడు తోటి కూలీ శాంతయ్య.

"ఎవురూ నవ్వకుంటే రాళ్లెవురు కొడతారు? వాళ్ల నాయనొచ్చి కొడతాడా?"

వాదన చాలాసేపు సాగింది. చివరికి వెంకటముని నోరు తెరిచాడు. "రేపట్నుంచి నేను నవ్వనబ్బా." గొంతులో ఆవేశమేమీ లేదు.

పొద్దున మునిరత్నం కాలీడ్చాడు. ఎవరూ నవ్వలేదు. ఇంకా వంకరగా ఈడ్చాడు. చెమటలు పట్టాయి. "నవ్వండ్రా!" అని అరిచాడు.

"చిన్నబ్బ చావుకు జవాబు సెప్పు ముందు," అన్నాడు శాంతయ్య. అందరూ సుత్తులు కింద పెట్టి కూర్చున్నారు.

మధ్యాహ్నానికి పోలీసు జీపు వచ్చింది. "ఏం జేసినారయ్యా వీళ్లు?" అని ఎస్సై మునిరత్నాన్ని అడిగాడు. నవ్వలేదని కేసు పెట్టమంటాడా? "వీడే రెచ్చగొట్టినాడు సార్," అని వెంకటమునిని చూపించాడు.

జీపెక్కించేటప్పుడు ఒక కానిస్టేబుల్ సరదాపడి, తనూ కాలీడ్చి చూపించి గుంపు వైపు చూశాడు.

ఒక్క పెదవి కదల్లేదు. ఆనందమ్మ తట్ట బోర్లించి లేచింది. ఆమె వెనకే అందరూ లేచి జీపు వెంట స్టేషన్ దారి పట్టారు. లోపల కూర్చున్న వెంకటమునికి నలిగిన కాలు నొప్పి చాన్నాళ్లకు తెలిసింది.