చెనక్కాయల మూట ముడి

ఎనభై నాలుగు వేసవి. అబూ హలీఫాలో సముద్రానికి దగ్గరగా ఒక చిన్న స్కేటింగ్ మైదానం ఉండేది. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే లోపల మంచు. రోజుకు నాలుగుసార్లు ఆ మంచు మీద నీళ్లు పట్టి నున్నగా చేయడం నా పని. జగిత్యాలలో మడికి నీళ్లు పెట్టిన ఈ పోశన్నను ఐసుకు నీళ్లు పెట్టేవాణ్ణి చేసింది కువైట్.

నాతోపాటు పనిచేసే మాబుది రాయచోటి దగ్గర వేరుశనగ పండే పల్లె; చెనక్కాయలంటాడు వాడు. వాడు వచ్చినవాళ్ల బూట్లు విప్పి, ఇనుప బద్దలున్న స్కేటింగ్ బూట్లు తొడిగి, తాళ్లు బిగించాలి. వెళ్లేటప్పుడు పిల్లలకు వాళ్ల బూట్లు మళ్లీ తొడిగి కట్టాలి. పొద్దస్తమానం మోకాళ్ల మీదే. "నేనైతే పరాయోళ్ల కాళ్లు పట్ట తమ్మీ" అని ఏడిపించేవాణ్ణి. వాడు నవ్వి ఊరుకునేవాడు.

వాడి భార్య జీనత్ కూడా కువైట్‌లోనే, రుమైథియాలో ఒక ఇంట్లో పనిచేసేది. మధ్యలో గంట ప్రయాణం కూడా లేదు. అయినా ఆమెకు సెలవు లేదు, వాడికి ఆ గడప తొక్కే వీలు లేదు. మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, బయటికి వెళ్లినప్పుడు వారానికొక ఫోను, అంతే. ఎనిమిది నెలలుగా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ ఫోనులో మాబు చెప్పిన మాటేమిటంటే, తనది టికెట్ల కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునే ఉద్యోగమని.

మైదానం తెరిచి ఏడాది అయిందని యజమాని ఒక గురు, శుక్రవారాలు అందరికీ ఉచితం అన్నాడు. "మీ ఆదరణకు కృతజ్ఞతలు" అని మూడు భాషల్లో బోర్డు పెట్టించాడు. పనివాళ్లు ఇంటివాళ్ల పేర్లు రాసిస్తే ఆఫీసువాళ్లే ఫోను చేసి పిలుస్తారన్నారు. మాబు రాయలేదు. వాడు రాయకపోతే జీనత్ పేరు నేను రాశాను. మామా ఒప్పుకుని, పిల్లవాణ్ణి కూడా వెంట తీసుకెళ్లమందట.

సంగతి తెలిసి మాబు నా మీద విరుచుకుపడ్డాడు.

"ఎంత పని చేస్తివన్నా! నా మొగుడు కుర్చీలో కూచుంటాడని ఊరంతా చెప్పుకోనుండాది. మోకాళ్ల మీద చూస్తే ఇంగ నా మాట నమ్ముతాదా?"

మేలు చేయబోయి వాడి కొంప ముంచానేమోనని నిజంగానే భయపడ్డాను.

శుక్రవారం నమాజు అయ్యాక, టికెట్లిచ్చే అన్వర్ బాషాను బతిమాలి మాబు ఆ కుర్చీలో కూర్చున్నాడు. జీనత్ వచ్చింది. చిక్కిపోయిన మనిషి, మొహం నిండా నవ్వు. ఇద్దరూ కిటికీకి అటూ ఇటూ నిలిచి చూసుకున్నారు. అంతలో ఆమె చేయి విడిపించుకుని ఆ ఇంటి పిల్లవాడు టికెట్ల గదిలోకి దూరాడు.

"మాబూ! యల్లా!" అని తొందరపెడుతూ అలవాటుగా వాడి ఒళ్లో కాలు పెట్టేశాడు.

డ్రైవరు వెంట ప్రతి గురువారం వచ్చే పిల్లవాడే. ఏ ఇంటివాడో మాకేం తెలుసు? మాబు మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"దిగయ్యా. పిల్లోడు కాలు చాపుకోనుండాడు, కట్టు" అంది జీనత్.

వాడు దిగి, తల వంచుకుని, మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆమె కూడా లోపలికొచ్చి పక్కన బల్ల మీద కూర్చుంది.

"నాకు తెలీదనుకున్యావా? బేస్తవారం రాత్రి ఈ పిల్లోని బూట్లు ఇప్పేది నేనే. చూస్తే చెనక్కాయల మూటకేసే ముడి. ఈ దేశంలో ఆ ముడి ఇంకెవురేస్తారు?"

"మరి చెప్పకపోతివే?"

"కుర్చీ గురించి ఎంత సంబరంగా చెప్తాంటివి! చెడగొట్టబుద్ధి గాలేదు." ఆమె గొంతు తగ్గించింది. "ఇప్పబుద్ధి గాక ఆ ముడి కొంచేపు పట్టుకోని కూచుంటా. రంజాను ముందర ఒకవారం వదులుగా ఉండె. జరమొచ్చిందేమో అనుకున్యా. వచ్చిందా?"

మాబు తాడు లాగి బిగించాడు. నేనే చెప్పాను. "వచ్చిందమ్మా. మూడు దినాలు లేవలే. నాలుగోనాడు వణుక్కుంటనే డ్యూటీకొచ్చిండు."

ఫోనులో దాచిన జ్వరం తాడులో దొరికిపోయింది.

తర్వాత మాబు స్కేటింగ్ బూట్లు తెచ్చి ఆమె కాలు అందుకోబోతే ఆమె చటుక్కున వెనక్కి లాక్కుంది. "మొగుడు పెండ్లాం కాళ్లు పట్టుకునేదేంది? నలుగురూ చూస్తాండారు."

"ఊరోళ్లందరివీ పట్టుకుంటి. నీవి పట్టుకోకూడదా?"

ఆమె మెల్లగా కాలు చాపింది. ఇద్దరూ గోడ పట్టుకుని రెండు చుట్లు తిరిగారు, మూడుసార్లు పడ్డారు, పడినప్పుడల్లా చిన్నపిల్లల్లా నవ్వారు. రెండు గంటల తర్వాత బయట డ్రైవరు హారన్ కొట్టాడు.

తర్వాతి గురువారం రద్దీ సమయంలో ఆ పిల్లవాడు మళ్లీ వచ్చాడు. ఎప్పుడూ డ్రైవరు కట్టిన వదులు తాళ్లతో వచ్చేవాడు, ఆ రోజు తాడు కొసన బిగువుగా ఒక చిన్న ముడి ఉంది. ఆడవాళ్లు కొంగున చిల్లర దాచుకుని వేసే ముడి. మాబు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని కూర్చుండిపోయాడు.

"ఇప్పు తమ్మీ, లైను పెరుగుతాంది" అన్నాను.

"కొంచేపు ఉండన్నా."

వెనక జనం అరుస్తున్నారు. నేను నీళ్ల పైపు పక్కన పడేసి, మోకాళ్ల మీద కూర్చుని, లైనులో ముందున్నవాడి కాలు ఒళ్లోకి తీసుకున్నాను.