అరువు గిన్నె కొలత

నా చేతి పొయ్యి పొగ కక్కిందంటే మీసం తీయించుకుంటానని ఊరంతా గొప్పలు పోయేవాణ్ణి. పొగగొట్టం పెట్టి మట్టిపొయ్యిలు కట్టడం నా పని. కిటుకంతా ఒక్కటే. ఆ ఇంట్లో రోజూ వండే గిన్నె తెప్పించి, పచ్చిమట్టిలో కూర్చోబెట్టి, గుండ్రంగా తిప్పి పొయ్యికి నోరు తీయాలి. గిన్నె పక్కన వేలు దూరేంత సందున్నా పొగ గొట్టంలోకి పోదు, మనిషి ముక్కులోకి పోతుంది.

మా అక్క ఒంటరి మనిషి. ఎన్నో ఏళ్లుగా దగ్గు. ఇంకా పొగ పీలిస్తే మనిషి దక్కదని డాక్టర్ మొహం మీదే చెప్పాడు. అందుకే అందరికంటే ముందు ఆమె ఇంట్లో కట్టాను. ఫొటో తీయడానికి, ఈ పొయ్యిలు కట్టించే మా ఆఫీసు మేడమ్ కూడా వచ్చింది. రోజూ వండేది తెమ్మంటే అక్క తళతళలాడే పెద్ద గిన్నె తెచ్చింది. నేనో వెధవని, మురిసిపోయి కొలత తీశాను.

వేరే ఊళ్లలో పని చూసుకుని రెండు నెలలకి తిరిగొచ్చాను. కొత్త పొయ్యికి మసి కూడా అంటలేదు. అక్క మూలన మూడు రాళ్ల మీద సొట్టలు పడ్డ చిన్న గిన్నె పెట్టి, కళ్లు తుడుచుకుంటూ మంట ఊదుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"పెద్ద గిన్నె ఏదక్కా?"

"అది పక్కింటి వదినదిరా. ఆ రోజే ఇచ్చేశా."

"ఆ ముక్క అప్పుడే చెప్పి చావొచ్చుగా!" అనేసి నాలుక కరుచుకున్నాను.

"ఆ మేడమ్ ముందుకి ఈ సొట్టగిన్నె ఎలా తెమ్మంటావు? నీ పరువేం కావాలి? దీన్ని పెడితే సందుల్లోంచి గుప్పుగుప్పున పొగ. నీ పొయ్యికి చెడ్డపేరెందుకని ఇక్కడే వండుకుంటున్నా."

ఆ పూటే పొయ్యి నోరు పగలగొట్టి, సొట్టగిన్నెకి సరిపడా మళ్లీ తీశాను. ఆరడానికి పది రోజులు. ఎంత తిట్టుకున్నా మట్టి తొందరపడదు. అన్నం మా ఇంటి నుంచే తెచ్చాను. ఆలోపే అక్క మంచం పట్టింది.

పదకొండో రోజు నేనే వెలిగించాను. పొగంతా గొట్టంలోంచి బయటికి పోయింది. అక్కని లేపి గోడకి ఆనించి కూర్చోబెట్టాను. మంట చూసి చిన్నపిల్లలా నవ్వింది. అంతలోనే దగ్గు తెర కమ్ముకొచ్చింది.

ఎప్పటికో ఊపిరి తిప్పుకుని, "పొగ లేదు కదరా తమ్ముడూ, మరి దగ్గెందుకొస్తోంది?" అంది.

"డాక్టర్‌ని అడిగొస్తాలే" అన్నాను.

అప్పటికి ముందురోజే అడిగొచ్చాను. ఏదడిగితే అది వండిపెట్టమన్నాడు.