ఉప్పు మీద వాన

మా చిన్నాయన ఎర్రిస్వామి కళ్యాణదుర్గంలో ఒక మిల్లువాళ్ల లారీ నడిపేవాడు. వేరుశనగ పంట ఇళ్లకు చేరినప్పటి నుంచి ఎండలు ముదిరేదాకా ఆయన ఇంటిపట్టున ఉండడం తక్కువ. విత్తనాల బస్తాలు నెల్లూరుకు తోలి, అక్కడ దించి, సముద్రం ఒడ్డున ఉప్పుకొటార్ల దగ్గర ఉప్పు ఎత్తుకుని తిరిగొచ్చేవాడు. ఉప్పు ఎత్తడానికి వంతు ఉంటుంది. ముందొచ్చిన లారీ ముందు. వంతు వచ్చేదాకా రెండు రోజులో మూడు రోజులో ఆ ఇసుకలోనే లారీ నిలబెట్టుకుని ఉండాలి.

పెళ్లయిన కొత్తలో ఆయన మా చిన్నమ్మ హనుమంతమ్మతో ఒక మాట అన్నాడట. "ఆడ పనేం ఉండదు. ఊరికే నీళ్లు చూసుకుంటా కూర్చుంటా. అప్పుడు నువ్వే గ్యాపకం వస్తావు."

ఈ మాట చిన్నమ్మ నాకు చాలాసార్లు చెప్పింది. వేరుశనగ చెట్ల నుంచి కాయలు తెంపుతున్నప్పుడు, బావి దగ్గర మా వంతు కోసం బిందెలు పెట్టుకుని కూర్చున్నప్పుడు, మాటలు అయిపోయిన చోట ఈ మాట వచ్చేది. ఆయన మామూలుగా మాట్లాడే మనిషి కాదు. ఇంటికి వస్తే తిని, పడుకుని, ఎవరో పిలిస్తే లేచి వెళ్లిపోయేవాడు. అందుకని చిన్నమ్మకు తన మొగుడు ఇంట్లో కన్నా ఆ సముద్రం ఒడ్డునే ఎక్కువగా ఉన్నట్టు అనిపించేది.

దివిసీమను తుపాను ముంచిన మరుసటి ఏడు చలికాలంలో ఆమె అడిగేసింది.

"నన్నూ ఒకతూరి తీసకపో. ఆడ నీతో ఒక దినం కూర్చుంటా. అంతే."

చిన్నాయన అన్నం కలుపుతున్నవాడు ఆగాడు. "లారీలో ఆడోళ్లు యాడ ఉంటారుమే?"

"చెనక్కాయ మూట పట్టే తావు చాలు నాకు. మూట కన్నా బరువుంటానా?"

గడపలో కూర్చున్న నల్లమ్మవ్వ, చిన్నాయన తల్లి, అందుకుంది. "పోయినేడు అంతమందిని మింగింది చాల్లేదంట ఆ సముద్రానికి. ఈమె పోయి పలకరిచ్చి వస్తాదంట."

"నన్ను మింగితే నీకు సంగటి గెలికేదెవరత్తా? అందుకన్నా తిరిగొస్తాలే."

నల్లమ్మవ్వకు నవ్వొచ్చింది. నవ్వాక ఇక వద్దనలేకపోయింది. ఆడమనిషి ఒక్కతే డ్రైవర్ల మధ్య ఎట్లా అని, చిన్నమ్మకు అక్క కూతురినైన నన్ను తోడు పంపింది. ఏడో తరగతి తర్వాత బడి మానేసి ఇంట్లోనే ఉన్నాను కాబట్టి నాకూ అడ్డు చెప్పేవాళ్లు లేరు.

బయలుదేరేటప్పుడు చిన్నమ్మ మా బావి నీళ్లు ఇత్తడి బిందెలో నింపి, మూతికి గుడ్డ కట్టి, కేబిన్‌లో కాళ్ల మధ్య పెట్టుకుంది. క్లీనరు బయ్యన్న చూసి, "సముద్రానికి నీళ్లు మోసకపోతాండావా వదినా?" అన్నాడు. కదిరి దాటేదాకా అదే చెప్పుకుని నవ్వాడు. మా ఊళ్లో ఎవరు ఎక్కడికి వెళ్లినా నీళ్లు వెంట తీసుకెళ్తారు. బయ్యన్న సీటు కింద కూడా ఒక డబ్బా ఉందని తర్వాత చూశాను.

నెల్లూరులో బస్తాలు దించాక లారీ వెనక భాగం మా ఇల్లయింది. చిన్నమ్మ రాలిన గింజలన్నీ ఊడ్చి చెంగులో పోసుకుంది. ఖాళీ గోనెసంచులు పరిచి, వాటి మీద కంబళి వేసింది. తాళ్లు కట్టే కొక్కేలకు సంచులు తగిలించింది. పైన టార్పాలు, పక్కల చెక్కలు, ఒక మూలన కిరసనాయిలు పొయ్యి. చిన్నాయన ఆ ఇంటిని ఒకసారి చూసి, "నా బండేనా ఇది?" అన్నాడు. చిన్నమ్మ ముఖం ఆ మాటకే విప్పారింది.

ఉప్పుకొటార్ల దగ్గరికి చేరేసరికి పొద్దు వాలుతోంది. ఒకపక్క తాటాకులు కప్పిన తెల్లటి ఉప్పుగుట్టలు, వాటి ముందు వరసగా లారీలు. ఇంకోపక్క సరుగుడు తోపు, అది దాటితే ఇసుక, ఇసుక దాటితే సముద్రం. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. చిన్నమ్మ సముద్రం వైపు కాసేపే చూసింది. తర్వాత ఇసుకంతా కళ్లతో వెతికింది.

"నువ్వు కూర్చునేది యాడ?" అని అడిగింది.

"ఏం కూర్చునేది?"

"నీళ్లు చూసుకుంటా కూర్చుంటా, నేను గ్యాపకం వస్తానంటివే."

చిన్నాయన టైరును కాలితో తన్ని చూస్తూ, "నేనట్లంటినా?" అన్నాడు. అబద్ధం ఆడడంలేదు. నిజంగానే గుర్తులేదు. "ఈడే యాడో కూర్చుంటాంటి. ఇదంతా ఒకటే గదా."

చిన్నమ్మ వెనక్కి తిరిగింది. లారీ ఎక్కి పొయ్యి వెలిగించింది. ఆ రాత్రి సంగటి ముద్ద ఆయనకు పెట్టేటప్పుడు మాత్రం, "ఆ మాట పోతే పోనీ. ఒక దినం నాతో కూచో. అంతకే వచ్చినా ఇంత దూరం" అంది.

"కూచుంటాలేమ్మే. సముద్రం యాడికి పోతాది?"

మరునాడు పొద్దున ఆయన లారీ కిందికి దూరి స్ప్రింగుల పని చూశాడు. మధ్యాహ్నం పక్క లారీ డ్రైవరు మారెప్ప పేకలు పట్టుకొచ్చాడు. చిన్నమ్మ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, లారీ వెనక దించిన డాలా చెక్క మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది. అటు పేకాట, ఇటు సముద్రం. ఆమె రెండింటికీ మధ్యలో ఉంది. పొద్దు పోయేదాకా అట్లాగే ఉండి, అన్నం వండడానికి దిగింది.

ఆ మరునాడు మధ్యాహ్నం కొటారు మేస్త్రి వచ్చాడు. "కళ్యాణదుర్గం బండేనా? మీ పని తొందరగానే అయిపోతుందబ్బయ్యా. రేపు పొద్దున్నే మీదే ఎత్తుతారు" అన్నాడు. చిన్నాయన సంతోషపడ్డాడు. ఇంజను చూసుకోవడానికి బానెట్టు పైకి ఎత్తాడు. చిన్నమ్మ చేతిలో పళ్లెం అట్లాగే ఉండిపోయింది.

కాసేపటికి ఆమె బయ్యన్న దగ్గరికి వెళ్లింది. అతను సరుగుడు నీడలో బీడీ కాలుస్తున్నాడు.

"బయ్యన్నా, ఒక మాట అడుగుతా. ఏమన్నా అయితే ఉప్పు ఎత్తకుండా ఆపుతారా?"

"వానొస్తే ఎత్తరు. ఆకులు ఇప్పితే గుట్టంతా కరిగిపోదా? తడిస్తే ఆరేదాకా ముట్టుకోరు. ఏం, బిర్నే ఊరికి పోవాలనా?"

"ఊరికే అడిగినా" అంది చిన్నమ్మ. సముద్రం మీద ఒక మూల మబ్బు కట్టి ఉంది. దాన్ని చాలాసేపు చూసి, "ఓబమ్మా, రా" అని నా చెయ్యి పట్టుకుంది.

మా వైపు వాన లేకపోతే కప్పతల్లి ఆట ఆడతారు. ఆడపిల్లలు ఒక కప్పను పట్టి, వేపాకుతో కలిపి గుడ్డలో చుట్టి, రోకలికి కట్టి, ఇద్దరు భుజాల మీద మోస్తూ ఇంటింటికీ తిరుగుతారు. ప్రతి ఇంట్లో ఒకరు బయటికొచ్చి దాని మీద చెంబెడు నీళ్లు పోస్తారు. నేను ఊహ తెలిసినప్పటి నుంచి దాదాపు ప్రతి ఏడూ ఆ రోకలి మోశాను. నాకు ముందు చిన్నమ్మ మోసింది. వాన వచ్చిన ఏళ్లు నాకు పెద్దగా గుర్తులేవు.

ఆ ఇసుకలో కప్ప దొరకలేదు. చిన్నమ్మ ఒక ఎండ్రకాయ వెంట పరుగెత్తి చెంగు వేసి పట్టింది. అది ఆమె వేలు కొరికింది. వేపాకు లేదు కాబట్టి సరుగుడు కొమ్మలు తుంచాం. రోకలికి బదులు జాకీ రాడ్డు. గుడ్డలో ఎండ్రకాయ నిలవదు. ఒకపక్క కడితే ఇంకోపక్క కాళ్లు బయటికొస్తాయి. నాకు నవ్వు ఆగడంలేదు. చిన్నమ్మ నవ్వలేదు.

బయ్యన్న మా వెనకే వచ్చాడు. "ఏం వదినా, ఎండ్రకాయకు పెండ్లా?" అన్నాడు. తర్వాత రాడ్డు చూశాడు. అతనిదీ మా వైపు ఊరే. చూడగానే తెలిసిపోయింది.

"అమ్మా తల్లీ. కప్ప మొర వింటాడు గానీ దేవుడు, ఎండ్రకాయ మొర వింటాడా?"

"నీళ్లల్లో పుట్టిందే గదా అదీ. నీకు చేతనైతే నీళ్లు పొయ్యి. ల్యాకుంటే గమ్మునుండు."

అతను బకెట్టు తీసుకుని సముద్రం వైపు నడవబోయాడు. చిన్నమ్మ ఆపింది. "ఆ నీళ్లొద్దు. మంచినీళ్లే పొయ్యాల." లారీ దగ్గరికి వెళ్లి మా ఇత్తడి బిందె ఎత్తుకొచ్చింది. అడుగున కొన్ని నీళ్లు మిగిలి ఉన్నాయి. చెంబులోకి వంచి బయ్యన్న చేతికిచ్చింది. ఇచ్చేటప్పుడు ఒక్క క్షణం చెంబు వదల్లేదు. "మన బావి నీళ్లు" అంది మెల్లగా. తర్వాత వదిలింది.

బయ్యన్న ఈసారి నవ్వలేదు. చెప్పులు విడిచి, ధారగా పోశాడు. మేమిద్దరం రాడ్డు భుజాన పెట్టుకుని సరుగుడు చెట్ల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాం. చిన్నమ్మ గుడ్డ విప్పగానే ఎండ్రకాయ పక్కవాటంగా పరుగెత్తి బొరియలోకి దూరింది.

దీపాలు పెట్టే వేళకు చినుకులు మొదలయ్యాయి. ముందు టార్పాలు మీద ఎవరో గింజలు చల్లినట్టు చప్పుడైంది. తర్వాత ఆ చప్పుడులో విడివిడిగా ఏదీ వినపడలేదు. కొటారు కూలీలు కేకలు వేసుకుంటూ గుట్టల మీద తాటాకులు సర్దారు. మేం నలుగురం లారీలో ముడుచుకుని కూర్చున్నాం. ఎటు చూసినా చెమ్మ వాసన.

చిన్నాయన చెయ్యి బయటికి చాపి వాననీళ్లు పట్టాడు. వేళ్ల సందుల్లోంచి కారిపోయేదాకా చూశాడు.

"ఈ వాన పుబ్బ కార్తెలో మన చేన్లో పడింటేనా" అన్నాడు. "చెనక్కాయ ఊడలు దిగే టయానికి ఒక్క పదును. ఇంత అక్కర్లేదు. దీంట్లో సగం."

బయ్యన్న నా వైపు చూసి తల దించుకున్నాడు. చిన్నమ్మ పొయ్యి వత్తి తగ్గించింది, అది సరిగానే ఉన్నా.

మగవాళ్లు కేబిన్‌లో పడుకోవడానికి వెళ్లాక ఆమె నా పక్కన ఒరిగి మెల్లగా అంది. "ఆడ ఇన్నేండ్లు మోసినాం. ఊరంతా అడిగినాం. పలకల్యా. ఈడ ఒక్కతూరికే పలికె. ఉప్పు మీద పోపిస్తి గదే ఓబమ్మా. మన చేన్లకు రావాల్సింది నేనేమన్నా ఈడ వాడుకుంటినా?"

ఈ తీరానికి చలికాలంలోనే వానలు వస్తాయని బడిలో అయ్యవారు చెప్పారు. ఆ మధ్యాహ్నం మబ్బు కూడా ముందే ఉంది. ఆ సంగతి చెబితే ఆమె భయం పోతుంది. కానీ దాంతోపాటు ఇంకేదో కూడా పోతుందనిపించింది. "నీకోసం పలికిందేమో చిన్నమ్మా" అన్నాను. ఆమె నిద్రపోయిందో లేదో తెలియదు.

తెల్లారేసరికి ఆకాశం కడిగినట్టు ఉంది. మేస్త్రి గొడుగు ముడిచి చేత పట్టుకుని వచ్చాడు. "ఈ పొద్దు ఎత్తేది లేదు. అంతా తడి. రేపు చూద్దాం."

చిన్నాయన విసుక్కున్నాడు. మారెప్ప అప్పటికే తన లారీ నీడలో తువాలు పరిచాడు. "ఎర్రిసామీ, రాప్పా. దినమంతా మనదే" అని పిలిచాడు. చిన్నాయన అటు రెండడుగులు వేశాడు. చిన్నమ్మ డాలా దగ్గర నిలబడి ఉంది. పిలవలేదు. చెంగు కొస రెండు చేతులతో పట్టుకుని ఆయన వీపు వైపు చూస్తోంది.

ఆయన ఎందుకు వెనక్కి తిరిగాడో నాకు తెలియదు. తిరిగి ఆమెను చూశాడు.

"మీరాడుకోండప్పా" అన్నాడు మారెప్పతో. "మా ఆడమనిషి సముద్రం చూడాలంటాంది."

"మూడు దినాల నుంచి కనపడతానే ఉండాది గదా సముద్రం" అన్నాడు మారెప్ప.

"నాకు కనపళ్ళేదులే" అని చిన్నాయన నడిచాడు. చిన్నమ్మ ఆయన వెనక నాలుగడుగుల దూరంలో, మా ఊళ్లో సంతకు నడిచినట్టు నడిచింది. ఇసుక మీదికి వెళ్లాక ఆయన ఆగాడు, ఆమె వచ్చేదాకా.

నేను లారీలోనే ఉండి గిన్నెలు తోముకున్నాను. ఇద్దరూ తడి ఇసుకకు కొంచెం ఇవతల కూర్చున్నారు. మధ్యలో ఇంకొక మనిషి కూర్చునేంత చోటుంది. చిన్నమ్మ చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. ఆయన తల ఊపుతున్నాడు. ఒకసారి ఆయన ఏదో అంటే ఆమె నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత చూస్తే మధ్యలో చోటు లేదు. ఇంకాసేపటికి చూస్తే చిన్నాయన కనపడలేదు.

అన్నం తీసుకుని వెళ్లాను. ఆయన ఇసుకలో మోచెయ్యి తల కింద పెట్టుకుని గాఢంగా నిద్రపోతున్నాడు. సముద్రం వైపు నుంచి ఎండ వస్తోంది. అది ఆయన ముఖం మీద పడకుండా చిన్నమ్మ ఎండకు అడ్డంగా, వీపు సముద్రానికి పెట్టి, చెంగు చాపి పట్టుకుని కూర్చుంది.

"లేపనా?" అన్నాను.

వేలు పెదవుల మీద పెట్టుకుంది. "వద్దు. ఎప్పుడన్నా ఇట్ల పండుకున్నాడా? ఇంట్లో పిలిస్తే లేచేటట్టు పండుకుంటాడు."

"మరి నువ్వు సముద్రం చూడవా చిన్నమ్మా?"

"ఇనపడతాంది లే."

అన్నం అక్కడ పెట్టి వచ్చేశాను. ఎండ నెత్తికెక్కాక ఆమె కొంచెం జరిగింది. పొద్దు పడమటికి తిరిగే కొద్దీ ఇంకా జరిగింది. నీడ ఆయన ముఖం మీది నుంచి పోకుండా, కొద్దికొద్దిగా, మా ఊళ్లో ఆరబోసిన కాయల దగ్గర కూర్చునేటప్పుడు జరిగినట్టు. సాయంత్రానికి ఆమె ఆయనకు ఇవతలి పక్కకు వచ్చేసింది. ఇప్పుడు వీపు నా వైపు ఉంది. ముందు మొగుడు, మొగుడికి అవతల నీళ్లు. చాపిన చెంగు దించలేదు.

చలిగాలి మొదలైనప్పుడు కంబళి తీసుకుని వెళ్లాను. చిన్నాయన అప్పుడే లేచి కళ్లు నులుముకుంటున్నాడు.

"పొద్దంతా పండుకుంటినా మే? లేపొచ్చు గదా. దినమంతా పాయె."

"యాడికి పోయింది?" అంది చిన్నమ్మ. "ఇంగా వెలుతురుండాది."

"చలి పెడతాంది. పోదాం పా."

ఆమె నా చేతిలోంచి కంబళి తీసుకుని ఆయన భుజాల మీద కప్పింది.

"ఇంగొంచేపు" అంది.